అందరి వెనకా ఒకటే సముద్రం

పోయిన వారం పిన్ని కొట్టు షట్టరు సగం దించి ఉండగా మనం బయటికి వచ్చేశాం. అప్పటికి మూడు గోడలు బొమ్మలతో కళకళలాడుతున్నాయి, నాలుగో గోడ బోసిగా ఉంది. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళందరినీ వెతికి పట్టుకుని, వాళ్ళు అటక మీదా మంచం కిందా దాచుకున్నవన్నీ తెచ్చి, నలుగురికీ చూపించి అమ్మిపెట్టాలని పిన్ని నడుం కట్టింది. ముసలివాళ్ళ చేతుల్ని మాత్రమే గీసే నర్సమ్మ బొమ్మలు ఒకవైపు, డబ్బా మూతల మీద పిట్టలు వేసే మెకానిక్ బొమ్మలు ఒకవైపు. వచ్చినవాళ్ళందరూ "ఎంత బాగున్నాయో!" అన్నారు. కొన్నవాళ్ళు మాత్రం లేరు. కొట్టు సొంతదారు ఎప్పుడూ జేబులో తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని తాళాలాయన అంటారు. ఆయన తెగేసి చెప్పి వెళ్ళాడు. శనివారం సాయంత్రంలోగా ఒక్క బొమ్మైనా అమ్ముడుపోతే కొట్టు పిన్నిది. లేకపోతే ఆ కొట్టు కోసం కాచుకున్న చెప్పుల వ్యాపారిది.

ఇవాళ శనివారం.

పిచ్చుక స్టూలు ఎక్కి నాలుగో గోడకు దారాలు కడుతోంది. కిచకిచమనే పిచ్చుకకు ఉన్నపాటి గొంతు కూడా ఈ పిల్లకు లేదని వెక్కిరిస్తూ పిన్నే ఆ పేరు పెట్టింది. పేరు అతుక్కుపోయింది గానీ గొంతు మాత్రం ఇంకా రాలేదు.

ఆ గోడ తెరల తాతది. వీధి చివర ఫోటో స్టూడియో నడిచినన్నాళ్ళూ అందులో మనుషుల వెనక వేలాడే తెరకు బొమ్మ వేసింది ఆయనే. స్టూడియో మూతపడ్డాక తెర ఆయనకు మిగిలింది. దాన్ని అమ్మిపెడతానని పిన్ని బతిమాలితే, చాపలా చుట్టి తాళ్ళు కట్టిన తెరను తెచ్చి కొట్టు వెనకగదిలో పెట్టాడు కానీ అమ్మడానికి ఒప్పుకోలేదు. "పని పూర్తి కాలేదమ్మా. సగం పని నేను అమ్మను. ఎవరూ విప్పకండి," అన్నాడు. మిగిలిన పని ఏమిటో చెప్పలేదు.

అప్పుడు పిచ్చుకే, గోడతో మాట్లాడుతున్నట్టు, మెల్లిగా అంది. "తెర ఇవ్వకపోతే ఫోటోలు అడుగుదామా పిన్నీ? అందరి ఇళ్ళలోనూ ఉన్నాయిగా."

అలా వచ్చాయి ఈ ఫోటోలు. గుమ్మం దగ్గర నిలబడి అడగడానికి నోరు రాక, పిచ్చుక ఒక అట్టముక్క మీద రాసుకుని చూపించింది. జనం నవ్వారు, లోపలికి పిలిచారు, గోడల మీంచి, ఆల్బముల్లోంచి తీసి ఇచ్చారు. సంచీ నిండింది.

"ఏమే, ఇంకా ఎంతసేపు? ఆయన వచ్చే వేళయింది," అంది పిన్ని. పొద్దుటి నుంచి ఆమె చెయ్యి ఒక చోట నిలవడం లేదు. కుడిచేతి బొటనవేలికి తెల్లగుడ్డ కట్టు. ఫ్రేము అద్దం పెంకు గుచ్చుకుందట.

"అయిపోతోంది."

"బాగుంది బాగుంది అంటూ వెళ్ళిపోతారు. ఆ మాటలన్నీ మూటకట్టి ఇస్తే కరెంటువాడు బిల్లు కింద తీసుకుంటాడేమో కనుక్కో."

పిచ్చుక నవ్వి ఫోటోలను మళ్ళీ చూసుకుంది. ముందు ఒక్కో ఇంటివి ఒక్కో చోట తగిలించింది. అంగడిలో గుడ్డపేలికలు ఆరేసినట్టు ఉంది. మనసుకు నచ్చలేదు. ఒక ఫోటో తిప్పి చూస్తే వెనక స్టూడియో ముద్ర, అందులో ఏ ఏడాది తీసిందో ఉంది. అన్నిటి వెనకా ఉంది. సరేనని అన్నీ విప్పేసి, ఏళ్ళ వరసలో ఎడమ నుంచి కుడికి, బట్టలు ఆరేసే క్లిప్పులతో దారాలకు తగిలించింది. చివరి క్లిప్పు పెట్టి స్టూలు దిగి, వెనక్కి వెనక్కి నడిచి ఎదుటి గోడకు ఆనుకుంది.

ఫోటో చూసేటప్పుడు ఎవరైనా మొహాలు చూస్తారు. పిచ్చుకా ఇన్నాళ్ళూ అదే చేసింది. కానీ ఇంత దూరం నుంచి మొహాలు చిన్నవైపోయాయి. వాటి వెనక ఉన్నది ముందుకొచ్చింది.

సముద్రం.

ప్రతి ఫోటోలోనూ ఒకటే సముద్రం. ఒకదాని అంచుకు ఒకటి ఆనుకుని, దారం పొడవునా ఒకటే గీత, నీళ్ళు ఆకాశాన్ని తాకే గీత, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయింది. ఊరంతా ఒకే ఒడ్డున నిలబడి ఉంది. పెళ్ళయిన మర్నాడు బిగుసుకుపోయి నిలబడ్డ జంటలు, ఒళ్ళో జారిపోతున్న పసివాళ్ళు, అరువు తెచ్చుకున్న కోటులో మొదటి జీతం అందుకున్న కుర్రాళ్ళు. ఇంటి మధ్య గోడ కోసం పోట్లాడుకుని మాటలు మానేసిన అన్నదమ్ములిద్దరూ వేరువేరు ఫోటోల్లో, తెలియకుండానే, పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి భుజాల మీదుగా అదే అల.

తన ఊరు ఇంత పెద్దదని పిచ్చుకకు ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు కనిపించింది పడవ.

ఎడమ చివర, పాత ఫోటోల్లో, అది గీత మీద ఒక నల్ల చుక్క. తర్వాతి ఏడాది ఫోటోల్లో ఆ చుక్కకు తెరచాప ఉంది. ఆ పై ఏడాది తెరచాప కింద పడవ ఉంది. ఏడాది ఏడాదికీ కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ, పెద్దదవుతూ, ఎవరూ చూడకుండా, అందరి చెవుల పక్కనుంచీ మోచేతుల సందుల్లోంచీ ఆ పడవ ఒడ్డుకు వస్తోంది.

"పిన్నీ!"

పిన్ని అదిరిపడింది. ఈ పిల్ల అరవగా ఎవరూ వినలేదు.

"పిన్నీ, పడవ! అది కదులుతోంది!"

పిన్ని వచ్చి పక్కన నిలబడింది. ఆశ్చర్యపోతుందనుకుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చుక దాని గురించి ఆలోచించేలోపే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది.

తెరల తాత వచ్చాడు. చేతిలో తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా. ఎండుపుల్లలా ఉంటాడు, చొక్కా ఎప్పుడూ ఉతికి ఇస్త్రీ చేసిందే, కానీ కుడి బొటనవేలి గోరు కింద నీలం మాత్రం ఎన్ని సబ్బులు అరిగినా పోలేదు. గోడను చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు కట్టారు ఇలా?" అన్నాడు.

పిచ్చుక గొంతు మళ్ళీ లోపలికి పోయింది. పిన్నే చెప్పింది. "ఇదే కట్టింది బాబాయిగారూ. పడవను కూడా ఇదే పట్టుకుంది."

ఆయన పిచ్చుక తల మీద చెయ్యి వేశాడు. "నా పని మొత్తం ఒక్కచోట చూడటం నాకూ ఇదే మొదటిసారి తల్లీ. నా దగ్గర ఉన్నది ఒక్క గుడ్డేగా. పాతదాని మీదే కొత్తది వేసుకుంటూ పోయాను. నిన్నటి సముద్రం ఇవాళ్టి సముద్రం కింద పోయేది. పోయిందనే అనుకున్నాను. ఇదిగో, అందరి ఇళ్ళలో దాగి ఉంది."

"ఎవరూ ఎందుకు చూడలేదు తాతా?" అని పిచ్చుక అడిగింది.

"ఎలా చూస్తారు? అందరూ దానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్ళేగా!" ఆయన పకపకా నవ్వాడు. "తప్పు వాళ్ళది కాదులే. ఫోటో అంటే అంతే మరి. స్టూడియో యజమాని రోజూ అనేవాడు, 'ఇదిగో, ఆ అలలకు అంత నగిషీ ఎందుకయ్యా, ఎవడు చూడొచ్చాడు?' అని. నేను కుంచె పక్కన పెట్టి నురగంతా బొటనవేలితో అద్దేవాణ్ణి. వేలితో అద్దితే అల తడిగా కనిపిస్తుంది. ఎవడు చూడొచ్చాడంటే..." నవ్వు ఆపి డబ్బా మూత తీశాడు. "ఒక్కడు చూశాడు."

డబ్బాలో కొన్ని ఫోటోలు. చెడిపోయినవని స్టూడియోలో పారేయబోతే ఆయన ఏరుకుని దాచుకున్నవి. అన్నిట్లోనూ ఒకడే పిల్లవాడు, ఏడాదికొక ఫోటోలో ఏడాది పెద్దవాడై. పక్కన కుర్చీలో వాళ్ళ నాన్న, కెమెరా వైపు కళ్ళు పెద్దవి చేసుకుని. పిల్లవాడు మాత్రం ప్రతిసారీ సరిగ్గా బటను నొక్కే వేళకు వెనక్కి తిరిగిపోయాడు. ఫోటోలో వాడి పిలక, చెవి తప్ప మొహం లేదు. వాడు సముద్రాన్ని చూస్తున్నాడు.

"మొదటిసారి పుట్టినరోజుకు తెచ్చారు వాణ్ణి. లైట్లు చూసి ఒకటే ఏడుపు. ఎంత బుజ్జగించినా ఆగడు. తెర మీద గీత దగ్గర నా కుంచె జారి పడిన మచ్చ ఒకటి ఉండేది, తుడవడానికి బద్ధకించాను. దాన్ని చూపించి, 'అదిగోరా, నీకోసం పడవ వస్తోంది, ఏడిస్తే వెనక్కి పోతుంది' అన్నాను. టక్కున ఆపేశాడు. పై ఏడాది వస్తూనే నా దగ్గరికి పరిగెత్తాడు, 'పడవ ఎంతదాకా వచ్చింది?' అని. ఏం చెయ్యను? నాలిక కరుచుకుని, వాడు చెప్పులు విప్పేలోపు ఆ మచ్చకు తెరచాప పెట్టాను. ఆ తర్వాత ప్రతి ఏడూ వాడు వచ్చే ముందు రోజు పడవను బొటనవేలంత ముందుకు జరిపేవాణ్ణి. లోపల ఎవరున్నారని అడిగేవాడు. ఒడ్డుకు వచ్చాక నువ్వే చూద్దువుగాని అనేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత రావడం మానేశాడు."

పిచ్చుక గోడ వైపు చూసింది. నిజమే. ఒక ఏడాది దాటాక పడవ కదలలేదు. ఆ తర్వాతి ఫోటోల్లో మనుషులు మారారు, చొక్కా కాలర్లు మారాయి, ఎత్తుకున్న పిల్లలు ఎత్తుకునేవాళ్ళయ్యారు. పడవ మాత్రం ఒడ్డుకు మూరెడు దూరంలో అలాగే నిలబడిపోయింది.

మిగిలిన పని ఏమిటో ఇప్పుడు తెలిసింది.

గలగలమని చప్పుడు. వీధిలో తాళంచెవులు.

తాళాలాయన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. భారీ మనిషి, నుదుటి మీద ఎప్పుడూ మడత. "ఏమ్మా, ఏమైనా పోయిందా?" అన్నాడు. అమ్ముడుపోయిందా అని అడగడం కూడా ఆయన నోట దొంగతనం గురించి అడిగినట్టే ఉంటుంది.

"ఇంకా సాయంత్రం కాలేదు అన్నయ్యగారూ," అంది పిన్ని.

"వెలుగు పోయింది, దీపాలు వేశావు. సాయంత్రం అంటే ఇంకేమిటి? నువ్వు మంచిదానివే, కాదనను. బొమ్మలూ మంచివే. కానీ కొట్టు కొట్టేగానీ గుడి కాదు గదా, వచ్చినవాళ్ళు చూసి దణ్ణం పెట్టి పోవడానికి. చెప్పులాయన వీధి చివర టీ తాగుతూ కూర్చున్నాడు. తాళంచెవి ఇచ్చెయ్యి."

"ఈ గోడ ఒక్కసారి చూసి అడగండి."

"చూసేది ఏముంది? మా ఇంట్లో లేవా ఫోటోలు..." అంటూనే తల తిప్పాడు.

ఆయన అడుగు ఆగింది. అందరిలాగే మొదట మొహాలు చూశాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాడు. కళ్ళు ఎడమ చివరకు పోయాయి, అక్కడి నుంచి దారం వెంట నడిచాయి. పిచ్చుక ఆయన్నే చూస్తోంది. నుదుటి మడత ఎవరో చేత్తో సవరించినట్టు విడిపోయింది. ఆ భారీ మనిషి మొహంలోంచి ఇంకో మొహం పైకి తేలింది.

"ఇది... ఇది నిజంగానే వచ్చిందా?" అన్నాడు.

ఆగిపోయిన పడవ దగ్గరికి నడిచి దాని మీద వేలు పెట్టాడు.

"నేను కల్పించుకున్నానని అన్నారు మా వాళ్ళు. తెర మీద పడవ ఎక్కడైనా కదులుతుందిరా, పిచ్చివెధవా అన్నారు. ప్రతి ఏడూ ఫోటో తగలేస్తున్నానని మా నాన్న ఇక తీసుకురాననేశాడు. పెద్దయ్యాక నేనూ అదే అనుకున్నాను. చిన్నప్పటి తిక్క అని."

తెరల తాత డబ్బాలోంచి ఒక ఫోటో తీసి ఆయన చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగిన పిలక, ఒక చెవి.

తాళాలాయన తన చెవి తడుముకున్నాడు, అది అక్కడే ఉందా అని చూసుకుంటున్నట్టు.

"నువ్వు కల్పించుకోలేదు నాయనా," అన్నాడు తాత. "ఇంతమంది నిలబడ్డారు ఆ తెర ముందు. నా పని చూసింది నువ్వొక్కడివే. నీకోసం ఆ పడవను ఆపి ఉంచాను. నువ్వు లేకుండా ఒడ్డుకు చేర్చడానికి చెయ్యి రాలేదు."

తాళాలాయన జేబులోంచి గుత్తి తీశాడు. పిన్ని మొహం పాలిపోయింది. కానీ ఆయన దాన్ని బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు.

"ఆ తెర నేను కొంటాను. ధర మీరు చెప్పిందే. బేరం ఆడను. కొట్టు కూడా ఉండనీ చెల్లెమ్మా. చెప్పులాయనకు నేను సర్దిచెబుతాను."

పిచ్చుక పిన్ని చెయ్యి పట్టుకుని ఊపేసింది. మొదటి అమ్మకం! కొట్టు నిలిచింది! నర్సమ్మ గీసిన చేతులకు, మెకానిక్ పిట్టలకు ఇక గోడ ఉంది. కానీ పిన్ని చెయ్యి మంచుముద్దలా ఉంది.

"అమ్ముతాను," అన్నాడు తాత. ఆయన వెన్ను నిటారుగా లేచింది. "ఇవాళే పని పూర్తి చేస్తాను. నీ కళ్ళ ముందే పడవను ఒడ్డుకు చేరుస్తాను. తియ్యండి తెర."

"ఇప్పుడెందుకు బాబాయిగారూ, చీకటి పడింది. రేపు పొద్దున..." అంది పిన్ని.

"ఇన్నాళ్ళు ఆగింది చాలదా?"

తాళాలాయనా పిచ్చుకా కలిసి వెనకగది నుంచి చుట్టను మోసుకొచ్చారు. తాళ్ళు విప్పబోతూ తాత వేళ్ళు ఆగాయి. "నేను వేసిన ముడి కాదే ఇది," అని గొణిగాడు. పైకర్రను కొక్కేలకు తగిలించి, చుట్టను మెల్లిగా వదిలారు. ఆకాశం దిగింది. అంత ఆకాశం ఆ చిన్న కొట్టులోకి ఎలా పట్టిందో! తర్వాత గీత, తర్వాత నీళ్ళు. ఫోటోల్లో చూసిన నీలం ఈ నీలం ముందు నీడే. అందరి ఫోటోల్లోనూ ఉన్న సముద్రం ఇప్పుడు మనిషి అడ్డు లేకుండా వాళ్ళ ఎదుట నిలబడింది. కింది భాగం దగ్గరకొచ్చేసరికి గుడ్డ జిగురుగా అంటుకుని చర్రుమంది. లోపల పెట్టి చుట్టిన పాత పూలదుప్పటి ముక్క ఒకటి ఊడి కింద పడింది.

"పచ్చి రంగు ఆరకుండా చుట్టింది ఎవరు?" తాత కేక పెట్టాడు. "ఎవరండీ, బుద్ధి..."

మాట అక్కడే ఆగింది.

ఒడ్డుకు మూరెడు దూరంలో పడవ లేదు. ఇసుకలో ఉంది. తెరచాప దించి, ఒక పక్కకు ఒరిగి, ఖాళీగా. దాన్నుంచి తడి అడుగులు ఇసుక మీద నడిచి నడిచి గుడ్డ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎవరో ఇప్పుడే దిగి ఈ కొట్టులోకి వచ్చేసినట్టు. తాళాలాయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "వచ్చేశారు," అన్నాడు చిన్నపిల్లాడిలా.

తాత అలల దగ్గరికి వంగి వేలు పెట్టి చూశాడు. వేలికి నీలం అంటింది.

"ఇది నేను వేసింది కాదు. చాలా గొప్పగా ఉంది. నాకంటే గొప్పగా ఉంది. కానీ నా చెయ్యి కాదు. నేను వెయ్యనిది నా పేరు మీద అమ్మలేను నాయనా. బేరం లేదు."

బల్ల మీది గుత్తి వైపు పిచ్చుక చూపు తనంతట తానే పోయింది. తర్వాత కింద పడిన దుప్పటి ముక్క మీదికి. ఆ పూలు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు పిన్ని ఇంట్లో ఆ పూల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేది.

తాత ఇంకా అలలనే చూస్తున్నాడు. "నురగ బొటనవేలితో అద్దారు. వేలిముద్ర కనిపిస్తోంది, నా వేలికంటే చిన్నది. ఈ పద్ధతి నేను నేర్పింది ఒక్కరికే." ఆయన వెనక్కి తిరిగాడు. "ఆ కట్టు విప్పమ్మా."

"దెబ్బ తగిలింది, మానలేదు..."

"విప్పు."

గీత గీయడం కూడా నాకు రాదు, అమ్మడం ఒక్కటే వచ్చు అని ఊరందరికీ చెప్పే పిన్ని, తెల్లగుడ్డను ఒక్కో చుట్టూ విప్పింది. కింద గాయం లేదు. గోరు కింద, వేలి గీతల నిండా, సముద్రం ఉంది.

"మాస్టారూ," అంది పిన్ని. ఆమె నోట ఆ పిలుపు పిచ్చుక ఎప్పుడూ వినలేదు.

"ఈ చెయ్యి ఇక కుంచె పట్టదని ఒట్టు పెట్టుకుని వెళ్ళిపోయావు. ఎందుకో చెప్పలేదు. ఇవాళైనా చెబుతావా?"

పిన్ని ఆయన వైపు చూడలేదు. పిచ్చుక వైపు చూసింది.